ఇంట్లో వారం వారం భజన, ప్రార్థన కూడిక: అమెరికాలో జోనింగ్ చిక్కులు రాకుండా ఎలా నడుపుకోవాలి

అమెరికాలో కొత్తగా ఇల్లు కొన్న తెలుగు కుటుంబం గృహప్రవేశం నాడు సత్యనారాయణ వ్రతం చేసుకుంటే ఏ సిటీ వాళ్లూ వచ్చి అడగరు. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ప్రతి గురువారం సాయి భజన, ప్రతి శుక్రవారం లలితా పారాయణం, ప్రతి శనివారం కుటుంబ ప్రార్థన కూడిక, రంజాన్ నెలంతా రాత్రి తరావీహ్. ఆరు నెలలు తిరిగేసరికి పది మంది ముప్పై మంది అవుతారు, నాలుగు కార్లు పన్నెండు అవుతాయి. ఒక సాయంత్రం తలుపుకు కోడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ (సిటీ నియమాలు అమలు చేసే శాఖ) వాళ్ల కాగితం అంటించి ఉంటుంది.

ఆ కాగితం చూసి కొందరు బెదిరిపోయి కూడికే మానేస్తారు. ఇంకొందరు "ఇది మా మతస్వేచ్ఛ, ఎవరేం చేస్తారు" అని దాన్ని చెత్తబుట్టలో వేస్తారు. ఇద్దరూ నష్టపోతారు. ఫెడరల్ చట్టం మీకు గట్టి అండే, కానీ గడువులోపు, సరైన వరసలో అడిగినవాళ్లకే ఆ అండ దొరుకుతుంది. ఇప్పటికే ఇంట్లో కూడికలు నడుపుతున్నవాళ్లు, మొదలుపెట్టబోతున్నవాళ్లు ఏ పని ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో ఇక్కడ చెబుతున్నాం. మీరు హిందువులైనా, క్రైస్తవులైనా, ముస్లింలైనా పద్ధతి ఒకటే.

1. ఏ నియమం మిమ్మల్ని పట్టుకుంటుందో ముందు తేల్చుకోండి

"జోనింగ్ ప్రాబ్లమ్" అని అందరూ ఒకే మాట అంటారు గానీ, నిజానికి నాలుగు వేర్వేరు నియమాలు ఉంటాయి. మొదటిది జోనింగ్: ఈ స్థలంలో ఏ పని జరగొచ్చు అనేది. రెండోది బిల్డింగ్, ఫైర్ కోడ్: ఈ గదిలో ఎంతమంది సురక్షితంగా ఉండగలరు అనేది. మూడోది హెచ్‌ఓఏ (కాలనీలోని ఇళ్ల యజమానుల సంఘం) ఒప్పందం, అద్దె ఇల్లయితే లీజు: ఇవి ప్రభుత్వ చట్టాలు కావు, మీరు సంతకం పెట్టిన ప్రైవేటు షరతులు. నాలుగోది పార్కింగ్, శబ్దం మీద ఉండే మామూలు సిటీ ఆర్డినెన్సులు.

ఒక దాంట్లో గెలిచినంత మాత్రాన మిగతా మూడింట్లో గెలిచినట్టు కాదు. డాలస్ ఉత్తర భాగంలో ఒక ఇంట్లో నడిచిన యూదుల ప్రార్థనా బృందం మీద హెచ్‌ఓఏ వేసిన దావాను 2015లో కాలిన్ కౌంటీ కోర్టు కొట్టేసింది. కొద్ది వారాల్లోనే డాలస్ సిటీ అదే ఇంటి మీద వేరే దావా వేసింది. ఈసారి అడిగింది ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఆ కట్టడాన్ని ఆ పనికి వాడొచ్చని సిటీ ఇచ్చే పత్రం), ఫైర్ స్ప్రింక్లర్లు, పార్కింగ్ గురించి. మొదటి కేసులో పనికొచ్చిన వాదన రెండో దానికి అలాగే సరిపోదు.

కాబట్టి ఫిర్యాదు వస్తే మొట్టమొదటి ప్రశ్న: ఇది ఎవరు రాశారు, ఏ కోడ్‌లోని ఏ సెక్షన్ కింద?

2. మీ ఊరి జోనింగ్ కోడ్ మీరే చదవండి

ఇది ఒక సాయంత్రం పని. సిటీ వెబ్‌సైట్‌లో జోనింగ్ మ్యాప్ తీసి మీ చిరునామా కొట్టండి. ఆర్-1, ఆర్‌ఎస్-4, ఎస్ఎఫ్-7 లాంటి గుర్తు కనిపిస్తుంది. సిటీ హద్దుల బయట ఉంటే కౌంటీ సైట్ చూడాలి. చాలా ఊళ్ల కోడ్‌లు మ్యూనికోడ్ లాంటి సైట్లలో మొత్తం దొరుకుతాయి. అందులో మీ జోన్ అధ్యాయం కన్నా ముందు "డెఫినిషన్స్" భాగం తెరవండి. అసలు విషయం అంతా అక్కడే ఉంటుంది.

వెతకాల్సిన మాటలు: ప్లేస్ ఆఫ్ వర్షిప్, రిలిజియస్ అసెంబ్లీ, యాక్సెసరీ యూజ్, హోమ్ ఆక్యుపేషన్ (ఇంట్లో నడిపే వృత్తి, వ్యాపారం). యాక్సెసరీ యూజ్ అంటే ఇంటికి సహజంగా అనుబంధమైన పని. పుట్టినరోజు పార్టీ, పేకాట, పుస్తకాల క్లబ్బు, పూజ అన్నీ ఇందులోకి వస్తాయి. ప్లేస్ ఆఫ్ వర్షిప్ అంటే గుడి, చర్చి, మసీదు. చాలా ఊళ్లలో నివాస ప్రాంతంలో దానికి కండిషనల్ యూజ్ పర్మిట్ (షరతులతో ఇచ్చే ప్రత్యేక అనుమతి) కావాలి. కొన్ని ఊళ్లలో స్పెషల్ యూజ్ అనీ, స్పెషల్ ఎక్సెప్షన్ అనీ అంటారు. మీ కూడిక ఈ రెంటిలో ఏ వైపు పడుతుందన్నదే జోనింగ్ తగాదా అంతా.

డెఫినిషన్ చదివేటప్పుడు ఒక్కటి గమనించండి: అది మనుషుల సంఖ్యను, కార్లను బట్టి గీత గీస్తోందా, లేక "మతపరమైన" అన్న మాటను బట్టి గీస్తోందా? మొదటి రకం మామూలు నియమం. రెండో రకం చట్టం ముందు నిలబడటం కష్టం. అరిజోనాలోని గిల్బర్ట్ పట్టణంలో ఇళ్లలో చర్చి కూడికలు పెట్టుకోకూడదన్న నియమం ఉండేది. 2010లో ఒక చిన్న బృందానికి నోటీసు వెళ్లాక గొడవ పెద్దదై, పట్టణమే ఆ నియమాన్ని మార్చుకుంది. కాలిఫోర్నియాలోని శాన్ హువాన్ కాపిస్ట్రానోలో 2011లో ఇంట్లో బైబిల్ స్టడీ పెట్టుకున్న దంపతులకు 300 డాలర్ల జరిమానా పడింది. చివరికి సిటీ రాజీకి వచ్చి, జరిమానా తిరిగిచ్చి, కోడ్ సవరించడానికి ఒప్పుకుంది.

కోడ్ చదివాక అర్థం కాకపోతే ప్లానింగ్ డిపార్ట్‌మెంట్‌కు ఈమెయిల్ రాసి అడగొచ్చు. ఫోన్‌లో విన్న జవాబు మీద ఆధారపడొద్దు. ఆ మనిషి మారితే జవాబూ మారుతుంది. అడిగేటప్పుడు "మా ఇంట్లో గుడి పెట్టొచ్చా" అనకండి, మీరు పెడుతున్నది గుడి కానప్పుడు. "నెలకు రెండుసార్లు, రెండున్నర గంటల పాటు, 25 మంది అతిథులు ఇంటికి వస్తారు. దీనికి పర్మిట్ అవసరమా, ఏ సెక్షన్ కింద?" అని అడగండి.

3. గది కొలవండి

చాలామంది దాటేసే అడుగు ఇదే. అన్నిటికన్నా ప్రమాదం ఉన్నదీ ఇక్కడే.

చాలా రాష్ట్రాలు పాటించే ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో, కుర్చీలు మాత్రమే వేసి జనం కూర్చునే చోట మనిషికి 7 చదరపు అడుగులు లెక్క, బల్లలు కూడా ఉంటే 15. చాపల మీద కూర్చున్నా 7 లెక్కే వేసుకోండి. మీ ఫ్యామిలీ రూమ్ 20 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు అనుకుందాం: 360 చదరపు అడుగులు. పూజ మండపం, గోడకు జరిపిన సోఫాలు, హార్మోనియం తబలా పెట్టే చోటు కలిపి 90 తీసేస్తే 270. ఏడుతో భాగిస్తే 38 మంది. 38 దాటితే ఆ గది చాలదు, ఎంత సర్దుకుని కూర్చున్నా.

50 అనే అంకె గుర్తుంచుకోండి. ఒక గదిలో 50 మంది, ఆపైన చేరితే బిల్డింగ్, ఫైర్ కోడ్‌లు దాన్ని అసెంబ్లీగా, అంటే జనం గుమిగూడే హాలుగా చూడటం మొదలుపెడతాయి. విడివిడిగా రెండు ఎగ్జిట్లు, ఒక్కోసారి స్ప్రింక్లర్లు అడుగుతారు. ఇల్లు ఆ లెక్కన కట్టింది కాదు. వారం వారం జరిగే కూడికకు 30 నుంచి 35 మందిని మీకు మీరే పరిమితిగా పెట్టుకోవడం మంచిది.

న్యూజెర్సీ, వర్జీనియా, అట్లాంటా వైపు చాలా కూడికలు బేస్‌మెంట్‌లో జరుగుతాయి. బేస్‌మెంట్‌కు సాధారణంగా ఒక్కటే మెట్లదారి. ఆ మెట్ల పైనా, మెట్ల మొదట్లో ఉన్న చిన్న చోటులోనూ ముప్పై జతల చెప్పులు, బూట్లు గుట్టగా పడి ఉంటాయి. పొగ కమ్ముకుంటే, దీపాలు ఆరిపోతే, పిల్లల్ని ఎత్తుకుని పైకి పరుగెత్తేవాళ్లు ఆ చెప్పుల మీదే జారి పడతారు. చెప్పులకు గరాజ్‌లో రెండు స్టాండ్లు పెట్టి, గరాజ్ తలుపు నుంచే లోపలికి రమ్మనండి. మెట్ల మీద ఒక్క జత కూడా ఉండకూడదు. బేస్‌మెంట్‌కు నేరుగా బయటికి వెళ్లే తలుపు, లేదా మనిషి పట్టే ఎగ్రెస్ కిటికీ లేకపోతే అక్కడ కూడిక పెట్టొద్దు. ఇది చట్టం అడుగుతుందా లేదా అన్నది తర్వాతి మాట.

బ్యాక్‌యార్డ్‌లో విడిగా షెడ్డో హాలో కట్టి అక్కడికి మారుద్దామనుకునేవాళ్లకు ఫీనిక్స్ కేసు చెప్పాలి. అక్కడొకాయన ఇంటి వెనుక ఆటగది పేరుతో పర్మిట్ తీసుకుని పెద్ద గది కట్టి, అందులో ప్రతివారం ఆరాధన జరిపారు. కేసు బిల్డింగ్ కోడ్ మీద నడిచింది. ఆయనకు 60 రోజుల జైలు, 12 వేల డాలర్ల పైచిలుకు జరిమానా పడ్డాయి, 2012లో జైలుకు వెళ్లారు. పర్మిట్ మీద ఏం రాశారో ఆ పనికే ఆ గదిని వాడాలి. ఆటగదిని ప్రార్థన గదిగా మార్చాలంటే ముందు ఆ మార్పుకే పర్మిట్ అడగాలి.

4. కార్ల లెక్క వేయండి

ఇళ్లలోని కూడికల మీద వచ్చే ఫిర్యాదులు ఎక్కువగా పార్కింగ్‌తోనే మొదలవుతాయి. భజన వినపడి కాదు, తమ మెయిల్‌బాక్స్ ముందు కారు ఆగి ఉండటం చూసి పక్కింటివాళ్లకు కోపం వస్తుంది.

30 మంది అంటే కారుకు ఇద్దరు ముగ్గురు చొప్పున 12 కార్లు. మీ గరాజ్, డ్రైవ్‌వే కలిపి నాలుగు పడతాయి, అదీ మీ కార్లు గరాజ్‌లోకి తోసేస్తే. మిగతా ఎనిమిది వీధిలోకే. వీధి పక్కన వరసగా ఆపే కారుకు సుమారు 22 అడుగులు కావాలి. మీ ఇంటి ముందు 60 అడుగుల జాగా ఉందనుకుంటే, డ్రైవ్‌వే పోను మిగిలిన 40 అడుగుల్లో రెండు కార్లు పట్టడమే కష్టం. అంటే ఆరేడు కార్లు ప్రతివారం వేరేవాళ్ల ఇళ్ల ముందే ఆగుతున్నాయి. ఈ లెక్క చూస్తే పక్కింటాయన ఎందుకు విసుక్కుంటున్నాడో అర్థమవుతుంది.

చేయాల్సింది ఇది. కార్‌పూలింగ్ తప్పనిసరి చేయండి. ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ నుంచి వచ్చే నాలుగు కుటుంబాలు రెండు కార్లలో రావచ్చు. దగ్గర్లో ఉన్న షాపు వాళ్లనో, డేకేర్ వాళ్లనో అడిగి, సాయంత్రం ఖాళీగా ఉండే వాళ్ల పార్కింగ్ వాడుకునేలా ఒక ఈమెయిల్ అనుమతి తీసుకోండి. వీధికి ఒక పక్కనే ఆపమని చెప్పండి. 28 అడుగుల వీధిలో రెండు పక్కలా కార్లు ఆపితే మధ్యలో మిగిలేది 12, 13 అడుగులు. ఫైర్ ట్రక్కు దారికి ఫైర్ కోడ్ అడిగేది 20. హైడ్రెంట్‌కు దగ్గర్లో ఆపకూడదు: టెక్సస్, కాలిఫోర్నియాల్లో 15 అడుగులు, న్యూజెర్సీలో 10. కల్-డీ-శాక్ చివర గుండ్రటి చోట అసలు ఆపొద్దు.

మొదటి ఇరవై నిమిషాలు, చివరి పావుగంట ఒక మనిషి బయట నిలబడాలి. లోపల మంగళహారతి అయ్యాక అందరూ ఒకేసారి బయటికొచ్చి, కార్ల దగ్గర అరగంట కబుర్లు చెప్పుకోవడం మన అలవాటు. ఆ కబుర్లు ఇంట్లోనే ముగించి బయల్దేరమని చెప్పాల్సింది ఆ మనిషే.

5. పక్కింటివాళ్లతో ముందే మాట్లాడండి

ఎటుచూసినా ఆరేడు ఇళ్లు: చెరో పక్క రెండు, ఎదురుగా మూడు. మొదటి కూడికకు రెండు వారాల ముందు తలుపు కొట్టి మాట్లాడి, ఒక చిన్న కాగితం ఇవ్వండి. అందులో ఉండాల్సింది ఇంతే: "మేం ఈ వీధిలో ఫలానా నంబరు ఇంట్లో ఉంటాం. నెలలో మొదటి, మూడో శనివారాల్లో సాయంత్రం 5 నుంచి 7.30 వరకు స్నేహితులు, బంధువులు కలిసి ప్రార్థన చేసుకుంటాం. కార్లు వీధికి మా వైపే ఆపమని చెప్పాం. మీ దారికి అడ్డంగా ఏదైనా కనిపిస్తే ఈ నంబరుకు ఫోన్ చేయండి, ఐదు నిమిషాల్లో తీయిస్తాం." పేరు, ఫోన్ నంబరు, తేదీ.

మీ మతం గురించి వివరించాల్సిన పని లేదు, కూడికకు రమ్మని పిలవాల్సిన పనీ లేదు. ప్రసాదం ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, కానీ లడ్డూలో జీడిపప్పు ఉందని డబ్బా మీద రాయండి. ఇక్కడ నట్ ఎలర్జీ ఉన్న పిల్లలు చాలామంది. ఆ ఫోన్ నిజంగా మోగితే భజన మధ్యలోనైనా లేచి వెళ్లి కారు తీయించాలి. ఒక్కసారి తీయకపోతే రెండో ఫోన్ మీకు రాదు, సిటీకి వెళ్తుంది.

6. శబ్దం, నిప్పు, టాయ్‌లెట్

చాలా ఊళ్లలో రాత్రి 10 నుంచి పొద్దున్న 7 వరకు నిశ్శబ్ద వేళలు. అలాగని 9.55 దాకా మైక్ వాడొచ్చని కాదు. గోడలు దాటి వెళ్లేది పాట కాదు, డోలక్, స్పీకర్ల బేస్. ముప్పై మంది కూర్చునే గదికి మైక్ అక్కర్లేదు. కిటికీలు మూసి, ఒకరు వీధి అవతల నిలబడి వినండి. అక్కడికి వినపడకపోతే చాలు.

హోమం చేయాలంటే ఇంట్లో వద్దు, గరాజ్‌లో అసలే వద్దు. గరాజ్‌లో పెట్రోలు డబ్బా, గ్యాస్ వాటర్ హీటర్ ఉంటాయి. పొగతో పాటు కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది. హోమం కోసం స్మోక్ అలారానికి ప్లాస్టిక్ కవర్ కట్టేవాళ్లు ఉన్నారు. ఆ కవర్ తీయడం మర్చిపోయిన రాత్రే ప్రాణాల మీదికి రావచ్చు. బయట చేసుకోవడానికి దారి ఉంది: ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్ రిక్రియేషనల్ ఫైర్ అనే నిర్వచనంలో మతపరమైన, కర్మకాండకు సంబంధించిన నిప్పును పేరు పెట్టి చేర్చింది. కొలతలు: కట్టెలు పేర్చిన వెడల్పు 3 అడుగులు, ఎత్తు 2 అడుగులు దాటకూడదు, ఇంటికి, కంచెకు 25 అడుగుల దూరం, నిప్పు పూర్తిగా ఆరేదాకా ఒకరు కాపలా, చేతికందేలా నీళ్ల పైపో, 4-ఏ రేటింగ్ ఉన్న ఆర్పే సిలిండరో. మీ ఊరు ఈ కోడ్‌ను ఎలా సవరించిందో ఫైర్ డిపార్ట్‌మెంట్ నాన్-ఎమర్జెన్సీ నంబరులో అడగండి. కౌంటీలో బర్న్ బ్యాన్ (బయట నిప్పు పెట్టకూడదన్న నిషేధం) ఉన్న రోజు హోమం వాయిదా వేయాలి, ముహూర్తం ఎంత బలమైనదైనా.

ఊరి శివార్లలో సెప్టిక్ ట్యాంక్ ఉన్న ఇళ్లవాళ్లకు ఒక మాట. ఆ ట్యాంక్‌ను బెడ్‌రూమ్‌ల లెక్కన డిజైన్ చేస్తారు. వారం వారం నలభై మంది వాడితే అది మొరాయిస్తుంది, హెల్త్ డిపార్ట్‌మెంట్ వేరే దారిలో వస్తుంది.

7. ఇల్లు గుడిగా మారే గుర్తులు

జోనింగ్ అధికారి మీ మనసులోకి చూడలేడు, బయటికి కనిపించేదే చూస్తాడు. ఇంటి ముందు బోర్డు. గూగుల్ మ్యాప్స్‌లో మీ చిరునామాకు మందిరం అనో చర్చి అనో పేరు. మీ ఇంటి చిరునామాతో నాన్-ప్రాఫిట్ రిజిస్ట్రేషన్, వెబ్‌సైట్‌లో "అందరూ ఆహ్వానితులే". హుండీ. జీతానికి పెట్టుకున్న పూజారి లేదా పాస్టర్. ఫండ్‌రైజింగ్ పేరుతో ప్లేటు పది డాలర్లకు అమ్మే పులిహోర. ప్రాపర్టీ టాక్స్ మినహాయింపు కోరుతూ పెట్టుకున్న దరఖాస్తు. వీటిలో ఒకటి రెండు ఉంటే సర్దిచెప్పుకోవచ్చు. నాలుగైదు కలిస్తే "ఇది మా ఇల్లు, వచ్చింది మా అతిథులు" అనే మాట నిలవదు.

ఆహ్వానం తెలిసినవాళ్లకే పంపండి, వాట్సాప్ గ్రూపు చాలు. సంస్థ రిజిస్టర్ చేయాల్సి వస్తే పోస్ట్ బాక్స్ చిరునామానో ఆఫీసు చిరునామానో వాడండి. అబద్ధం మాత్రం ఎక్కడా వద్దు. ఇల్లు నిజంగానే గుడి అయిపోయిందనుకుంటే పదో అడుగుకు వెళ్లండి.

8. హెచ్‌ఓఏ, లీజు

మతపరమైన స్థలాలను కాపాడే ఫెడరల్ చట్టం పేరు రిలిజియస్ ల్యాండ్ యూజ్ అండ్ ఇన్‌స్టిట్యూషనలైజ్డ్ పర్సన్స్ యాక్ట్. 2000 సెప్టెంబరు 22న అమల్లోకి వచ్చింది, లాయర్లు పొట్టిగా "అర్‌లూపా" అంటారు. అది ప్రభుత్వాన్నే కట్టడి చేస్తుంది. హెచ్‌ఓఏ ప్రభుత్వం కాదు కాబట్టి అక్కడ ప్రధానంగా పనికొచ్చేది 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ యాక్ట్: మతాన్ని బట్టి వివక్ష చూపకూడదు. అంటే సూపర్ బౌల్ పార్టీకి పదిహేను కార్లు ఆగితే ఊరుకుని, మీ పారాయణానికి పది కార్లకే జరిమానా వేయడం కుదరదు.

సీసీ అండ్ ఆర్ అనే ఒప్పంద పత్రంలో "రెసిడెన్షియల్ పర్పసెస్ ఓన్లీ", "న్యూసెన్స్", "గెస్ట్ పార్కింగ్" అన్న పేరాలు చదవండి. క్లబ్‌హౌస్ బుక్ చేసుకునే హక్కు అందరికీ ఉంటే మీకూ ఉంటుంది. గుమ్మానికి కట్టిన మామిడి తోరణం తీసేయమని నోటీసు వస్తే, టెక్సస్‌లో దానికి సూటి జవాబుంది: ఇంటి మీద మతపరమైన అలంకరణలను హెచ్‌ఓఏ అడ్డుకోకుండా 2011లో ఒక చట్టం వచ్చింది, 2021లో దాన్ని ఇంకా విస్తరించారు.

అద్దెకుండేవాళ్లకు కూడా అర్‌లూపా వర్తిస్తుంది, లీజు ఉంటే చాలు. కానీ అతిథుల సంఖ్య మీద లీజులో ఉన్న షరతు ఇంటి యజమానికీ మీకూ మధ్య విషయం. అది ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. ఇంటి ఇన్సూరెన్స్ ఏజెంట్‌కు కూడా "నెలకు రెండుసార్లు ముప్పై మంది వస్తారు" అని ఈమెయిల్ చేసి, ఎవరైనా జారిపడితే లయబిలిటీ వర్తిస్తుందో లేదో రాతలో తీసుకోండి.

9. అధికారి వచ్చినా, నోటీసు వచ్చినా

తలుపు దగ్గర మర్యాదగా మాట్లాడండి. కార్డు తీసుకోండి, ఏ సెక్షన్ గురించి వచ్చారో అడిగి రాసుకోండి. వారంట్ లేకుండా ఇంట్లోకి రానివ్వాల్సిన అవసరం లేదు. కోడ్ తనిఖీలకూ వారంట్ కావాలని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది. "రాతపూర్వకంగా పంపండి, జవాబిస్తాం" అంటే చాలు. భక్తితోనో గర్వంతోనో "ఇది మా గుడి" అనకండి. ఆ మాట ఆయన రిపోర్టులోకి ఎక్కుతుంది.

నోటీసు చేతికి రాగానే అప్పీలు గడువు వెతకండి. రాష్ట్రాన్ని బట్టి మారుతుంది: జోనింగ్ బోర్డుకు అప్పీలు చేయడానికి టెక్సస్, న్యూజెర్సీల్లో 20 రోజులు, కనెక్టికట్, వర్జీనియాల్లో 30, న్యూయార్క్‌లో 60. నోటీసు మీద వేరే గడువు ఉంటే, రెంటిలో ఏది ముందైతే దాన్నే పట్టుకోండి. టెక్సస్ లాంటి చోట్ల అప్పీలు వేస్తే అది తేలేవరకు సిటీ చర్యలు మామూలుగా ఆగుతాయి.

ఈ అప్పీలు ఎందుకు వదలకూడదో న్యూ మిల్‌ఫర్డ్ కేసు చెబుతుంది. కనెక్టికట్‌లోని ఆ ఊళ్లో ఒక దంపతులు ప్రతి ఆదివారం 25 నుంచి 40 మందితో ఇంట్లో ప్రార్థన జరిపేవారు. 2000 చివర్లో ఆపేయమని ఉత్తర్వు వచ్చింది. స్థానిక బోర్డుకు అప్పీలు చేయకుండా వాళ్లు నేరుగా ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. కింది కోర్టులో గెలిచారు కూడా. 2005లో సెకండ్ సర్క్యూట్ (పైస్థాయి ఫెడరల్ అప్పీలు కోర్టు) ఆ గెలుపును రద్దు చేసింది: ముందు స్థానిక బోర్డు దగ్గర తుది నిర్ణయం తెచ్చుకోవాల్సింది అని. నాలుగేళ్ల పోరాటం మళ్లీ మొదటికొచ్చింది. వాళ్ల వాదన తప్పని కోర్టు అనలేదు, వరస తప్పిందని అంది.

అప్పీలులో మూడు మాటలు ఇదే వరసలో చెప్పండి. ఒకటి, ఇది ఇంటికి అనుబంధమైన వాడకమే. మొదటి కూడిక నుంచే మీరు రాసుకోవాల్సిన లాగ్‌బుక్ ఇక్కడ పనికొస్తుంది: ప్రతి కూడికకూ తేదీ, మొదలు, ముగింపు, మనుషులు, కార్లు, వచ్చిన ఫిర్యాదు, మీరు చేసిన పరిష్కారం. వీధి ఫోటోలు రెండు, కూడిక మధ్యలో ఒకటి, అయ్యాక ఒకటి. పక్కింటివాళ్ల ఉత్తరం దొరికితే అంతకన్నా బలమైన సాక్ష్యం లేదు.

రెండు, సమాన నిబంధనలు. ఫ్లోరిడాలోని ఆరెంజ్ కౌంటీలో ఒక రబ్బీ (యూదుల మతగురువు) ఇంటి కూడికల మీద చర్య తీసుకున్నారు. అంతేమంది, అంత తరచుగా, మతం ఊసు లేకుండా కలిస్తే తప్పు కాదని కౌంటీ వైపు వాళ్లే సాక్ష్యంలో ఒప్పుకున్నారు. 2005లో ఎలెవన్త్ సర్క్యూట్ అనే మరో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ నియమం అర్‌లూపాకు విరుద్ధమంది. 2021లో కోవిడ్ ఆంక్షల కేసులోనూ, కాలిఫోర్నియాలో ఇళ్లలో ప్రార్థనలకు మూడు కుటుంబాల పరిమితి పెట్టినప్పుడు, పోల్చదగిన లౌకిక పనుల కన్నా ప్రార్థనను తక్కువగా చూడకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. మీ వీధిలో జరిగే గరాజ్ సేల్స్, స్కౌట్ మీటింగులు, పార్టీల తేదీలు, సుమారు కార్ల సంఖ్య రాసిపెట్టుకోండి. మనుషులను, నంబరు ప్లేట్లను ఫోటో తీయకండి.

మూడు, గణనీయమైన భారం: ఈ నియమం మీ ఆరాధనకు గట్టి అడ్డంకి అవుతోందన్న వాదన. ఇది చివర చెప్పాలి, ఎందుకంటే నిరూపించడం అన్నిటికన్నా కష్టం. మయామీ బీచ్‌లో ఒక రబ్బీ గరాజ్‌లో నడిపిన ప్రార్థనల కేసులో 1983లో సిటీయే గెలిచింది. ప్రార్థనకు అనుమతి ఉన్న ప్రాంతం ఆ ఇంటికి నాలుగు బ్లాకుల దూరంలోనే ఉందని కోర్టు ఎత్తి చూపింది. అర్‌లూపా తర్వాత లెక్క మారింది, కానీ "దగ్గర్లో వేరే చోటు ఉంది కదా" అన్న ప్రశ్న మాత్రం ఇప్పటికీ వస్తుంది. దానికి జవాబు సిద్ధంగా ఉంచుకోండి: పెద్దవాళ్లు డ్రైవ్ చేయలేరు, శబ్బత్ (యూదులు బండి నడపని విశ్రాంతి దినం) లాంటి నియమాలు, అద్దె ఖర్చు, మీకు ఏది నిజమో అది.

బోర్డు ముందు మాట్లాడటానికి మూడు నిమిషాలే ఇవ్వొచ్చు. మతస్వేచ్ఛ మీద ఉపన్యాసం కన్నా "30 మంది, 10 కార్లు, రాత్రి 8.30కి ముగింపు, ఈ షరతులు రాసివ్వండి, పాటిస్తాం" అన్న మాటకు బోర్డులు తేలిగ్గా ఒప్పుకుంటాయి.

వీసా మీద ఉన్నవాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఒకటుంది. కొన్ని రాష్ట్రాల్లో జోనింగ్ ఉల్లంఘన మిస్‌డిమీనర్ (చిన్న తరహా క్రిమినల్ నేరం) కింద వస్తుంది. టెక్సస్ సిటీలు దీనికి 2,000 డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు, ప్రతి రోజునూ విడి నేరంగా లెక్కపెట్టొచ్చు. "ఫైన్ కట్టేస్తే పోతుంది" అని ఆన్‌లైన్‌లో గిల్టీ అని నొక్కే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి.

లాయర్ అవసరమైతే ల్యాండ్ యూజ్ చేసేవాళ్లను వెతకండి. అర్‌లూపా కేసు గెలిస్తే లాయర్ ఫీజు ఎదుటివైపు నుంచి కోరవచ్చు, అందుకే కొందరు ముందుగా డబ్బు అడగకుండా చేస్తారు. టెక్సస్‌లో రాష్ట్ర మతస్వేచ్ఛ చట్టం కింద దావా వేయాలంటే మామూలుగా 60 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. కావాలనే ఒక మతం మీద కక్ష కట్టినట్టు కనిపిస్తే జస్టిస్ డిపార్ట్‌మెంట్ సివిల్ రైట్స్ డివిజన్‌కు ఫిర్యాదు చేయండి. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎయిర్‌మాంట్ గ్రామం మీద, యూదుల ప్రార్థనా స్థలాల విషయంలో, ఆ డిపార్ట్‌మెంట్ 1991లో, 2005లో, మళ్లీ 2020లో దావాలు వేసింది.

10. ఇల్లు చాలనప్పుడు

మూడు నెలల లాగ్‌లో సగటు 35 దాటితే, లేదా కొత్తవాళ్లు పరిచయం లేకుండానే వస్తుంటే, బయట చోటు చూసుకోవాల్సిన వేళ అయింది. ముందు పబ్లిక్ లైబ్రరీ మీటింగ్ రూమ్, తర్వాత స్కూలు కెఫెటీరియా. స్కూలు వేళల తర్వాత వేరే సంఘాలకు గదులిచ్చే పబ్లిక్ స్కూలు, మతపరమైన సంఘమన్న కారణంతో కాదనకూడదని 2001లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆదివారం మధ్యాహ్నాలు ఖాళీగా ఉండే చర్చి హాళ్లు గంటల లెక్కన దొరుకుతాయి. తెలుగు క్రైస్తవ సంఘాలు చాలావరకు ఇలాగే మొదలవుతాయి.

సొంతంగా స్థలం కొనాలనుకుంటే అగ్రిమెంట్‌లో "కండిషనల్ యూజ్ పర్మిట్ వస్తేనే కొంటాం" అన్న షరతు పెట్టించండి. అలాంటి ఒప్పందం ఉన్నా అర్‌లూపా కింద అడిగే హక్కు మీకు వస్తుంది. దరఖాస్తుకు ముందు ప్లానింగ్ వాళ్లతో ప్రీ-అప్లికేషన్ మీటింగ్ పెట్టుకోండి. చాలా ఊళ్లు మూడు నాలుగు సీట్లకు ఒక కారు చోటు అడుగుతాయి, కాబట్టి 120 మంది హాలుకు 30 నుంచి 40 కార్ల జాగా ఉన్న స్థలమే చూడాలి. పునాది గీతలు గీయించక ముందే ఈ లెక్క చూసుకోండి. గోపురం ఎత్తు ఆ జోన్ పరిమితి దాటుతుందేమో కూడా అప్పుడే అడగండి. దానికి విడిగా వేరియన్స్ (నియమం నుంచి సడలింపు) కావాల్సి రావచ్చు.